చీరాల బావ

మేరీ సరోజిని ఫోన్లో చాటుగా మాటలు వినే జలగ దూరి చాలా రోజులైంది. ఆ సంగతి సరోజినికి తెలీదు. విశాఖపట్నంలో, రుషికొండ మీద, సముద్రం వైపు కిటికీలున్న గదిలో కూర్చున్న హైమావతికి తెలుసు.

"ఫోన్ మోగింది మేడమ్" అన్నాడు జుబేర్.

హైమ హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. ఎదురుగా తెర రెండు ముక్కలుగా ఉంది. ఎడమ ముక్క నల్లగా ఉంది. అక్కడ అసలు సరోజిని, శ్రీకాకుళం కోర్టులో వకీలు, ఎవరితోనో మాట్లాడుతోంది. ఆ మాటలు వినే హక్కు హైమ పనిచేసే జాతీయ ఫోన్ రక్షణ కేంద్రానికి కూడా లేదు. కుడి ముక్కలో సన్నటి ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. జలగ వింటున్నది దాన్ని.

"అయ్యో వదినా, నీకెన్నిసార్లు చెప్పేను, జాడీలో తడి గరిటె ముంచొద్దని? బూజు పట్టదేటి మరి!"

అచ్చం సరోజిని గొంతు. అదే విసురు, అదే గసపెట్టుకుంటూ మాట్లాడే తీరు. కానీ ఆ వదిన లేదు, ఆ జాడీ లేదు, ఆ బూజూ లేదు. అదంతా ఫోన్లో కూర్చున్న 'నీడ' అప్పటికప్పుడు అల్లుతున్న బతుకు.

జలగని పీకి పారేయడం కష్టం కాదు. కాని పీకిన మర్నాడే దాన్ని కొన్నవాడు ఇంకాస్త తెలివైన జలగని వదులుతాడు. అందుకే హైమ దాన్ని పీకకుండా మేపే ఉపాయం కనిపెట్టింది. ఫోన్లో జలగ కనబడగానే నీడ లేస్తుంది. అసలు మనిషి మాటల్ని మూసేసి, అవే సంగతుల మీద జలగ చెవికి తన కల్పన మాటలు వినిపిస్తుంది. మొన్న ఉగాదికి దేశంలోని ఫోన్లన్నిటికీ ఆ నీడని పంపారు. ఉందని ఎవరికీ చెప్పలేదు. ఉందని తెలిస్తే మనిషి మాట మారుతుంది, మాట మారితే జలగకి అనుమానమొస్తుంది.

"ఆ లారీ డ్రైవరు సంగతా?" కుడి ముక్కలో సరోజిని నీడ గొంతు తగ్గించింది. "నువ్వేం బెంగపడకు వదినా. చీరాల బావ దగ్గర పెట్టేం. ఆయన చూసుకుంటాడు."

హైమ ఫక్కున నవ్వింది.

"ఏంది మేడమ్, మీ ఇంటి సరుకేనా?" అన్నాడు జుబేర్.

"మా అక్క మొగుడయ్యా!"

"అట్లయితే మా అమ్మీ తిట్లు కూడా ఏదో ఫోన్లో మోగుతుంటాయి" అన్నాడు కర్నూలు జుబేర్. "జలగోడి చెవులు పగిలిపోనీ."

నీడకి మాట్లాడటం నేర్పాలంటే ఇళ్ళలో మనుషులు నిజంగా ఎలా మాట్లాడుకుంటారో వినిపించాలి. పౌరుల మాటలు ముట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని కేంద్రంలో పనిచేసేవాళ్ళే తమ ఇళ్ళ మాటలు ఇచ్చారు. కిందటేడు వేసవిలో అందరూ మాటలు రికార్డు చేసే డబ్బా తలా ఒకటి తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకున్నారు. హైమ ఇంట్లో అది ఫ్రిజ్ మీద కూర్చుంది. సెలవలకి అమ్మ, అక్కలు, బావలు, పిల్లలు వచ్చి ఇల్లంతా సంతలా ఉన్న రోజులవి. మిగతా అందరూ రెండోరోజుకి డబ్బాని మర్చిపోయారు. పెద్దక్క మొగుడు వీరాంజనేయులు మాత్రం మర్చిపోలేదు. చీరాలలో నూలుకి రంగులద్దే మనిషి. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా "ఏం డబ్బాగారూ, టిఫినైందా?" అని పలకరించేవాడు.

వచ్చిన మాటల్లోంచి మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు తుడిచేసే జల్లెడ ఒకటి ఢిల్లీలో తయారై వచ్చింది. దానిలోంచి దిగిన మాటలే నీడ నేర్చుకుంది.

"ఎవరికీ అపకారం లేదుగా" అంది హైమ, నవ్వు ఆపుకుంటూ.

ఆ మాట అన్న వారానికి పెద్దక్క సుగుణ ఫోన్ చేసింది.

"ఒసే హైమా, మీ బావ కోసం ఎవరెవరో వస్తన్నారే."

హైమ అప్పుడు కూరగాయలు తరుగుతోంది. ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది. "రంగులకేమో అక్కా."

"రంగులకొచ్చేటోళ్ళు బీరువా వెనకాల తొంగిచూస్తారంటే? మొదట కారులో ఇద్దరొచ్చారు. లారీ డ్రైవరు ఏడీ అన్నారు. మనకి లారీ ఏందిరా నాయనా, స్కూటరుకే దిక్కులేదు అన్నా. ఆ తర్వాత ఇంకోళ్ళు. ఎవరో పిల్లంట, ఇంట్లోంచి వచ్చేసిందంట, దాన్ని మీ బావ దాచాడంట! ఇయ్యాల పొద్దున మళ్ళీ ఇంకోళ్ళు. యూనియన్ మీటింగు ఎప్పుడని."

వెనకాల నుంచి ఆంజనేయులు గొంతు వినబడింది. "మరదలికి చెప్పవే, నా కొలువు పెరిగిపోయిందని!"

"నువ్వు నోరు ముయ్యి" అంది సుగుణ మొగుడితో. మళ్ళీ ఫోన్లో, "నవ్వులాటగా ఉంది ఆయనకి. నాకు దడగా ఉందే."

హైమ చేతిలోని కత్తి పక్కన పెట్టింది. తడి చేతులతోనే బ్యాగు తీసుకుని ఆఫీసుకి బయల్దేరింది.

నీడలు పలికిన మాటలన్నీ కేంద్రంలో నిలవ ఉంటాయి. వాటిలో వెతకమని యంత్రానికి రెండు మాటలు ఇచ్చింది. చీరాల బావ.

తెర నిండింది. నిండి, కిందికి జారి, మళ్ళీ నిండింది.

ఆ వీడియో చీరాల బావకిచ్చేశా, ఇంక భయంలేదు. పిల్ల చీరాల బావ ఇంట్లో ఉంది, ఆయన కళ్ళలో పెట్టుకుని చూస్తన్నాడు. సమ్మె ఎప్పుడన్నది చీరాల బావ చెప్తాడు. ఆయన షెడ్డు రైలుగేటు అవతలే. చేతులు చూస్తే గుర్తుపడతావు, గోళ్ళ దాకా నీలం రంగే. చీరాల బావని అడుగు. చీరాల బావకి తెలుసు. చీరాల బావ చూసుకుంటాడు.

విలేఖర్ల ఫోన్లు, వకీళ్ళ ఫోన్లు, కులం కాని కుర్రాడిని చేసుకుని పారిపోయిన అమ్మాయిల ఫోన్లు. తెలుగు మాట్లాడే నీడలన్నిటికీ కష్టమొస్తే ఒక్కడే మనిషి.

జుబేర్ కుర్చీలోంచి లేచాడు. "ఇదెట్లా మేడమ్? జల్లెడ పేర్లన్నీ తుడిచేసింది గదా?"

"బావ పేరు మా ఇంట్లో ఎవరం పలుకుతాం జుబేర్?" అంది హైమ. "పెద్దాయన్ని పేరు పెట్టి పిలుస్తామా? చీరాల బావ, ఒంగోలు బావ, తెనాలి అత్తయ్య. ఇట్టాగే పిలుచుకుంటాం. ఢిల్లీలో జల్లెడ చేసినవాళ్ళకి అది పేరులా కనపడలేదు. ఒక ఊరు, ఒక వరస. వదిలేసింది."

"మనకి కనపడాల్సింది."

"అవును. మనకి కనపడాల్సింది."

ఆ వేసవంతా ఆ ఇంట్లో అందరూ ప్రతిదానికీ ఆయన్నే తలుచుకున్నారు. గ్యాస్ అయిపోయినా, పిల్లాడికి జ్వరమొచ్చినా, అమ్మ అలిగినా, చీరాల బావ చూసుకుంటాడు. డబ్బా విన్నది అదే. యంత్రం నేర్చుకున్నదీ అదే. ఆపద వస్తే నమ్మదగ్గ మనిషి ఎవరంటే, ఆయన.

జలగల్ని తయారుచేసి అమ్మేది ఒకే ముఠా. కొన్నవాళ్ళు వేరువేరు మనుషులు కావచ్చు. కాని అన్ని చెవుల్లోనూ ఒకే మనిషి మాట పడుతోంది. ఇసుక తవ్వుకునేవాడికీ, పరువు కోసం కూతుర్ని వెతికేవాడికీ, ఫ్యాక్టరీ యజమానికీ శత్రువు ఒక్కడే అయిపోయాడు. గోళ్ళకి నీలం రంగున్న ఒక చీరాల మనిషి.

డైరెక్టర్ ఫణీంద్ర అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కేకలేసే మనిషి కాదు.

"ఇప్పుడేం చేయమంటావు హైమా?"

"నీడల్ని ఆపెయ్యండి సార్."

"ఆపితే?"

"అదంతా అబద్ధమని వాళ్ళకి తెలిసిపోతుంది. మా బావని వదిలేస్తారు."

"తెలిసిపోతుంది. మరి నిజం ఎక్కడుందని వెతుకుతారు కదా. ఆ లారీ డ్రైవరు ఎక్కడున్నాడో నాకూ తెలీదు, నీకూ తెలీదు. సరోజినికి తెలుసు. నీడ ఆగిన క్షణం నుంచి ఆవిడ మాట ప్రతిదీ జలగ చెవిలో పడుతుంది. ఆ పారిపోయిన పిల్ల ఎన్నాళ్ళు బతుకుతుంది?" ఫణీంద్ర కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ బావ ఒక్కడు. వాళ్ళెంతమందో నువ్వే చూశావు."

"ఆయనేం చేశాడు సార్? డబ్బాని టిఫిన్ చేశావా అని అడిగాడు. అంతేగా!"

ఫణీంద్ర లేచి కిటికీ తలుపు మూశాడు. తర్వాత, "చంపేద్దాం" అన్నాడు.

హైమ అదిరిపడింది.

"నీడల్లో. చీరాల బావ పోయాడని నీడలన్నిటి చేతా ఏడిపిద్దాం. పోయినవాడి వెంట ఎవడూ పడడు. కాని అక్కడ నిజంగా చావింటిలా ఉండాలి. ఆయన మాయమవ్వాలి, మీ అక్క అక్కడే ఉండాలి. వైజాగ్‌లో పోయాడనీ, ఇక్కడే దహనం అయిందనీ ఊరికి చెప్పాలి. ఊళ్ళో కాపలా కాసేవాడు చూసేది ఆవిడనే. నువ్వెళ్ళి ఇద్దర్నీ ఒప్పించు. మీ అక్క ఒప్పుకోందే ఒక్క నీడ కూడా ఏడవదు."

హైమే చావుని ఎంచింది. గుండెపోటు. నొప్పి లేకుండా, నిద్రలో.

చీరాలలో రైలుగేటు అవతల రంగుల షెడ్డు. గాబులో నీలం రంగు పొగలు కక్కుతోంది. ఆంజనేయులు లుంగీ పైకి మడిచి, నూలు చిలపల్ని కర్రకి తగిలించి ముంచుతున్నాడు. పొడిదగ్గు మధ్యలో మరదలు చెప్పిందంతా విన్నాడు. చెప్పకూడనివి కూడా చెప్పేసింది హైమ.

"అంటే రాష్ట్రమంతా నన్నే నమ్ముకుందన్నమాట!" అని పెద్దగా నవ్వాడు. "మీ అక్క ఒక్కతే నమ్మదు. పాలపాకెట్ తెమ్మన్నా రెండుసార్లు ఫోన్ చేస్తది."

"నవ్వొద్దు బావా. నాకు చచ్చేంత భయంగా ఉంది."

"చచ్చేది నేనంటివి గదా, నీకెందుకు భయం?" ఒక చిలప పైకెత్తి నీళ్ళు కారనిచ్చాడు. గాలి తగిలి పచ్చగా ఉన్న నూలు నీలంగా మారుతోంది. "సరేగాని, ఆ లారీ డ్రైవరున్నాడే, వాడు బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"వాడేం చూశాడు?"

"పేపర్లో వచ్చింది. ఇసుక తవ్వకాన్ని ఆపబోయిన ఒక పెద్దాయన్ని లారీతో తొక్కించారంట. చూశాడు. కోర్టులో చెప్తానన్నాడు."

"మంచోడే. నేను పోయాననుకుంటే వాడి జోలికి పోరా?"

"వాడెక్కడున్నాడో చెప్పగలిగిన మనిషి పోయాడనుకుంటారు. అక్కడితో ఆగిపోతారు."

ఆంజనేయులు చేతులు గాబు అంచుకి రుద్దుకున్నాడు. ఆ రంగు పోదని తెలిసీ రుద్దుకున్నాడు. "బతికుండగానే సొంతూళ్ళో చావడమంటే ఒకరకంగా ఉందమ్మాయ్. పోన్లే. కొన్నాళ్ళేగా. మీ ఇంట్లో కూర్చుని సముద్రం చూస్తా. మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పుకో. నావల్ల కాదు."

ఇంటికొచ్చేసరికి సుగుణ స్నానం చేసి, గోడకున్న అద్దం ముందు నిలబడి ఉంది. వేలితో కుంకుమ తీసి నుదుట గుండ్రంగా దిద్దుకుంటోంది. పాపిట్లో ఇంకాస్త పెట్టుకుంది. కనకాంబరాల దండ తుంచి చెల్లెలి జళ్ళో కూడా తురిమింది.

"ఏందే అట్టా చూస్తన్నావు?"

అడగాలి. అక్కా, ఆ బొట్టు చెరిపెయ్యి. గాజులు తీసెయ్యి. పూలు పెట్టుకోమాక. వీధిలో కూర్చుని ఏడువు. బావ బతికే ఉంటాడు, నువ్వు మాత్రం ఆయన లేని మనిషిలా ఉండు.

నీడలకి ఆ చావు ఎలా ఏడవాలో నేర్పింది హైమ. మాట మాటా ఏరి నేర్పింది. ఇప్పుడు అడగలేకపోయింది. యంత్రాలతో పెరిగిన బుద్ధికి ఆ బొట్టు ఒక గుర్తు, అంతే. కాని చిన్నప్పుడు తనని నడుముకెత్తుకు తిప్పిన అక్క నుదుటి మీద చెయ్యి వేసి, మొగుడు బతికుండగా ఇది తుడువు అని ఎలా అనడం? అంటే ఏదైనా జరగరానిది జరుగుతుందేమో. అంత చదువు చదివిన హైమకి ఆ భయమే వేసింది.

"కాఫీ ఉందా అక్కా?" అంది.

సుగుణకి బావని కంటి పరీక్షలకి తీసుకెళ్తున్నానని, బావకి మాత్రం అక్కకి అసలు సంగతి తర్వాత చెప్తానని చెప్పింది. సుగుణ ప్రయాణానికి పులిహోర కట్టిచ్చింది.

"మీ అక్కకి చెప్పావా?" అని ఫోన్లో అడిగాడు ఫణీంద్ర.

"చెప్పాను సార్. ఒప్పుకుంది."

మర్నాడు తెలుగు నీడలన్నీ ఏడ్చాయి. ఆకుపచ్చ గీతలు పిచ్చిగా ఎగిరాయి. మన చీరాల బావ పోయాడంట. నిద్రలోనే పోయాడంట. ఇంక మనకి దిక్కెవరు? జుబేర్ హెడ్‌ఫోన్స్ తీసేసి బయటికి పోయాడు. ఆ సమయానికి పోయిన మనిషి హైమ ఫ్లాట్‌లో, బాల్కనీలో కూర్చుని, ముక్కుపొడి పీలుస్తూ పడవలు లెక్కపెడుతున్నాడు.

చీరాలలో సుగుణ ఎర్రటి బొట్టుతో, జళ్ళో పూలతో సంచి పట్టుకుని మార్కెట్టుకి వెళ్ళింది. బెండకాయలు బేరమాడింది. మీ ఆయన కనబడటంలేదే అంటే, కళ్ళకి చూపించుకోడానికి వైజాగు పోయాడని నవ్వుతూ చెప్పింది.

చూడాల్సినవాడు చూశాడు.

అక్కడ ఇంతమంది ఒక మనిషి పోయాడని గుండెలు బాదుకుంటున్నారు. ఇక్కడ భార్య పూలు పెట్టుకుని తిరుగుతోంది. అంటే ఇంతమందీ కూడబలుక్కుని వాణ్ణి కాపాడుతున్నారు. అంటే వాడు మనం అనుకున్నదానికంటే పెద్దవాడు.

వాళ్ళకది తేల్చుకోవడం తేలిక. రంగుల షెడ్డుకి నిప్పు పెట్టారు.

హైమ ఆఫీసులో ఉండగా ఆ వార్త వచ్చింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆమె ఫోన్లో ఆంజనేయులు గొంతు రికార్డయి ఉంది. ఇంటి ఫోన్ నుంచే మాట్లాడినట్టున్నాడు.

"అమ్మాయ్, మీ అక్క ఫోన్ చేసింది. నువ్వింకా దానికేమీ చెప్పినట్టు లేవు. షెడ్డు అంటుకుందంట. నాదైతే పోతే పోయింది. లోపలుంది నేతోళ్ళ నూలమ్మా. వాళ్ళ మగ్గాలు ఆగిపోతాయి. మొహం చాటేశానంటారు. ఒకసారి చూసి వాళ్ళకి చెప్పొస్తా. నువ్వు కోప్పడమాక."

హైమ రైల్వే పోలీసులకి ఫోన్ చేసింది. చీరాల పోలీసులకి చేసింది. ఫణీంద్ర కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆయన అప్పుడు ఒక్కటే అడిగాడు.

"మీ అక్క చావింట్లోలా ఉందా అసలు?"

హైమ తల దించుకుంది. ఫణీంద్ర కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

ఆంజనేయులు చీరాల స్టేషన్‌లో దిగడం టీకొట్టువాడు చూశాడు. పలకరించాడు కూడా. అక్కణ్ణించి రైలుగేటు దాకా నడిచి పదినిమిషాల దూరం. ఆ దూరం ఆయన దాటలేదు. ఇంటిల్లిపాదీ, నేతవాళ్ళూ వెతికి వెతికి అలిసిపోయాక ఓడరేవు దగ్గర ఇసుకలో జాలర్లకి కనబడ్డాడు. వేళ్ళు విరిచేసి ఉన్నాయి. నీలం రంగు అలాగే ఉంది.

దహనం అయ్యాక హైమ కేంద్రానికి తిరిగొచ్చింది. రాజీనామా రాసుకొచ్చింది. ఫణీంద్ర ఆ కాగితం తీసుకోకుండా ఆమెని తెర ముందుకి తీసుకెళ్ళాడు. అక్కడ జుబేర్ తల ఎత్తకుండా కూర్చుని ఉన్నాడు.

"చూడు" అన్నాడు ఫణీంద్ర.

ఆకుపచ్చ గీతలు నిదానంగా కదులుతున్నాయి. సరోజిని నీడ ఏదో చీర గురించి మాట్లాడుతోంది. ఆ పారిపోయిన అమ్మాయి నీడ పరీక్షల గురించి. జలగలన్నీ అతుక్కునే ఉన్నాయి. హాయిగా తాగుతున్నాయి.

"అర్థమైందా?"

హైమకి అర్థం కాలేదు. తర్వాత అర్థమై, తెర నుంచి మొహం తిప్పుకుంది.

"నువ్వాయనకి అంతా చెప్పేశావని నాకు తెలుసు. చెప్పకూడదు, చెప్పావు. ఆయన వాళ్ళతో ఒక్కమాట అంటే చాలు. నా మరదలు ఫలానా చోట పనిచేస్తుంది, అదంతా యంత్రం కట్టిన కథ, నేనెవర్నీ దాచలేదు. అంతే. ఆ ఒక్కమాట పడుంటే ఈపాటికి ఒక్క జలగ కూడా నీడని నమ్మేది కాదు." ఫణీంద్ర తెర మీది గీతల్ని చూపించాడు. "ఆయన అనలేదు హైమా."

జుబేర్ చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఇంకోటి. ఇది చెప్పడం నాకిష్టం లేదు. నీడలు నమ్ముకున్న మనిషి నిజంగానే నోరు విప్పకుండా పోయాడు. వాళ్ళకిప్పుడు నీడల మీద ఇంతకుముందు లేని నమ్మకం కుదిరింది. ఢిల్లీ వాళ్ళు సంతోషంగా ఉన్నారు."

హైమ కాగితం ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

లారీ డ్రైవరు కోర్టుకి వచ్చాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. టీవీల్లో మోగిపోయింది. చీరాలలో ఒక అద్దకం పనివాడు అతన్ని దాచి, దొరికిపోయి, చిత్రహింసలు పెట్టినా నోరు విప్పకుండా ప్రాణం ఇచ్చాడని ఒకడు రాస్తే మిగతావాళ్ళందరూ ఎత్తి రాశారు.

పదోరోజు తంతు అయిన మర్నాడు హైమ అక్క దగ్గర కూర్చుంది. వరండాలో తాటాకు చాప. సుగుణ నుదురు ఖాళీగా, వెడల్పుగా, ఎవరిదో నుదురులా ఉంది. హైమ దాని వైపు చూడలేక చాప అంచు గిల్లుతోంది.

సుగుణ ఏడవడం మానేసింది. గొంతులో కొత్త బిగువు వచ్చింది.

"ఇన్నేళ్ళు కాపరం చేశానే. ఒక్కరోజు చెప్పలేదు చూడు" అంది. "నువ్వు తీసకపోయిన రోజు పొద్దున, పళ్ళు తోముకుంటా అన్నాడు. సుగుణా, నా చాటున బతికేటోళ్ళు ఎంతమందో నీకు తెలీదే అని. నేను ఆడిపోసుకున్నా. ముందు నా చాటున బతుకు, తువ్వాలు ఎక్కడుందో తెలీదు నీకు అని. నిజంగానే చెప్పాడే మనిషి."

"అక్కా."

"ఆ డ్రైవర్ని ఎక్కడ దాచుంటాడే? షెడ్డులో అయితే నాకు తెలిసేది. అన్నం ఎవరు పెట్టారో."

"అక్కా, ఆయన ఎవర్నీ దాచలేదు."

సుగుణ తలెత్తింది.

హైమ చెప్పింది. డబ్బా, జలగ, నీడ, జల్లెడ. ఎక్కడా ఆగకుండా, తనని ఎక్కడా కాపాడుకోకుండా చెప్పింది. ఆ పిల్లకీ, ఆ డ్రైవరుకీ, ఆ యూనియనుకీ బావతో ముడిపెట్టింది ఒక యంత్రమని చెప్పింది. అద్దం ముందు అడగాల్సింది అడగలేక కాఫీ అడిగానని చెప్పింది. "నీ బొట్టు చూసి వాళ్ళకి తెలిసిపోయింది అక్కా. నేను చెప్పుంటే ఆయన బతికేవాడు. నేనే. ఇదంతా నా వల్లే."

సుగుణ చెల్లెలి మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. జాలి లాంటిది ఉంది.

"ఇట్టా చెప్పమన్నారా మీ ఆఫీసోళ్ళు?"

"కాదక్కా! ఉద్యోగం మానేశా. ఒట్టు."

"మరి ఆ డ్రైవరు బతికే ఉండాడుగా? కోర్టుకొచ్చాడుగా? నేను చూశా టీవీలో."

"వచ్చాడు. కాని..."

"వేళ్ళు విరిచారే ఆయనకి. ఒక్కోటీ. ఏమీ లేకుండానే విరిపించుకున్నాడా? ఏమీ లేనోడైతే, నాకేం తెలీదయ్యా అని కాళ్ళమీద పడేవోడు కాదా? ఏం చెప్పలేదంట కదా. అంటే చెప్పాల్సింది ఏదో ఉండబట్టేగా!"

హైమ చాప అంచు వదిలేసింది. నిజమే. ఉంది. నీడ గుట్టు ఆయన దగ్గరుంది, చెప్పలేదు.

"ఫ్రిజ్ మీద డబ్బాతో కబుర్లాడి పోయాడని చెప్పుకోమంటావా నన్ను ఊళ్ళో?" సుగుణ గొంతు పెంచలేదు. "ఉన్న ఒక్కటీ తీసెయ్యమాక హైమా."

గేటు చప్పుడైంది. తెల్లచీర కట్టుకుని, చేతిలో నల్లకోటుతో ఒకామె లోపలికి వచ్చింది. దూరం నుంచి వచ్చినట్టు చెప్పులనిండా దుమ్ముంది. ఆమె నోరు తెరవగానే హైమ గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ హెడ్‌ఫోన్స్‌లో విన్న గొంతు.

"నా పేరు మేరీ సరోజినండి. శ్రీకాకుళం నుంచి వచ్చేను. ఆ కేసు నాదే." చాప అంచున కూర్చుని చేతులు జోడించింది. "అమ్మా, తప్పుగా అనుకోకండి. మీ ఆయన ఎవరో నాకు తెలీదు. ఒక్కసారి కూడా చూళ్ళేదు. నా సాక్షిని నేనే దాచేను, మా చర్చి ఫాదర్ దగ్గర. మీ ఆయన దాచేరని అందరూ రాస్తన్నారు. మరి నా సాక్షి కోసం మీ ఆయన ఎందుకు పోయేరమ్మా? ఎవరు చెప్పేరు ఆయనకి? నాకు నిద్దర పట్టట్లేదు. మీకేమైనా తెలుసేటి?"

హైమ లేచి నిలబడింది. నోరు తెరిచింది.

"కూర్చో" అంది సుగుణ, చెల్లెలి చెయ్యి పట్టి కిందికి లాగుతూ. తర్వాత సరోజిని వైపు తిరిగి, ఖాళీ నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది.

"ఆయన అంతేనమ్మా. చెప్పి చేసే రకం కాదు. కడుపున పుట్టినోళ్ళకి గూడా చెప్పలేదు, ఇంక నీకేం చెప్తాడు." మంచినీళ్ళ చెంబు ఆమె ముందుకి జరిపింది. "ఇది నా చెల్లెలు. గవర్నమెంటు ఉద్యోగం చేసేది. మా ఆయన సంగతి దీనికేం తెలీదు."